ఒక యంత్రము – రెండు తెరలు



ప్రతి వ్రాయువారి బల్లను మీరు చూచియే యుందురు. ఎడమవైపున మూలప్రతి, కుడివైపున శుద్ధప్రతి. చూపు ఒకదానిమీదనుండి మరియొకదానిమీదికి పోవుచుండును గాని, మొదటిదానిని మడచి సొరుగులో పెట్టినగాని రెండవదానిని తీయరాదను నియమము ఎవ్వరును పెట్టుకొనరు. కంప్యూటరుముందు కూర్చున్న మనము మాత్రము దినమునకు నూరుసార్లు ఆ పనియే చేయుచున్నాము. ఒక కాగితము తెరమీదికి రాగానే రెండవది దానివెనుక దాగిపోవును. దానిని పైకి తెచ్చినచో మొదటిది మాయమగును.

ఈ ఇబ్బందికి ఉపాయము లేకపోలేదు. ఒకే కంప్యూటరునకు రెండు మానిటర్లు, అనగా రెండు తెరలు, అమర్చుకొనవచ్చును. ఇది పెద్ద కార్యాలయములకే తగిన హంగు అనియు, కొత్త యంత్రములకే సాధ్యమనియు పలువురు తలచుచున్నారు. అది నిజము కాదు. పది పన్నెండేండ్ల క్రిందట కొన్న యంత్రమునకు సైతము ఈ శక్తి చాలవరకు కలదు. తెలియక, ఉన్నదానిని మూలకు నెట్టి కొత్తదానికై ధనము వెచ్చించువారు ఎందరో. మా ఇంట కూడ అట్లే జరుగవలసినది, తప్పినది. ఆ కథయే నేడు మీకు విన్నవించుచున్నాను.

మా చెల్లెలు తెనాలిలో నివసించుచున్నది. తెనాలి ముద్రణాలయములకు పేరుపడిన ఊరు. మా అమ్మ ఆమెవద్దనే యున్నది. అమ్మను ఒంటరిగా విడిచి బయట ఉద్యోగమునకు పోవుటకు వీలులేక, మా చెల్లెలు ఇంటిలోనే కూర్చుండి పాత పుస్తకములకు శుద్ధప్రతులు తయారుచేయును. పుటలను స్కాను చేసి ఆమెకు పంపుదురు. వానిని చూచి ఆమె అక్షరము పొల్లుపోకుండ టైపు చేసి, ప్రూఫులు దిద్ది తిరిగి పంపవలెను. పుటకు ఇంత యని ప్రతిఫలము. తప్పులు మితిమీరిన పుటలకు సొమ్ము రాదు.

గత వర్షకాలములో ఆమె పంపిన పుటలలో నలుబది తిరిగివచ్చినవి. కారణము వర్ణదోషములు కావు. పంక్తులకు పంక్తులే జారిపోయినవి. ఇది ఎట్లు జరుగునో గమనింపుడు. మూలములో ఒక పంక్తి చివర “వచ్చెను” అని యున్నది. రెండు పంక్తుల క్రింద మరల “వచ్చెను” అనియే యున్నది. మొదటిదానివరకు చదివి, ఆ పుటను మరుగుపరచి, టైపు చేసి, మరల పుటను పైకి తెచ్చినపుడు చూపు రెండవ “వచ్చెను”మీద వ్రాలును. నడుమనున్నది ఎగిరిపోవును. పూర్వము తాళపత్రములకు నకళ్లు వ్రాసిన లేఖకులకు సైతము ఈ పొరపాటు తప్పలేదు. వారికి రెండు ప్రతులును ఎదుటనే యుండెడివి. మా చెల్లెలికి ఆపాటి సదుపాయము కూడ లేదు.

ఆమె ఒక అంగడికి పోయి, రెండవ తెర పెట్టుకొనవచ్చునా యని అడిగినది. “అమ్మా, మీది 2013 నాటి యంత్రం. దానికి రెండు తెరలు పట్టవు. కొత్తది కొనుక్కోండి” అని వారు చెప్పిరి. వెల నలుబదివేల పైమాట. ఇంటిలో అంత సొమ్ము ఒక్కచోటనే యున్నది. అది అమ్మ కంటిశుక్లము తీయించుటకై దాచినది. అమ్మ ఈ మాట విని, “నా కంటికేం తొందర? ఉగాది వెళ్ళిన తరువాత చూసుకుందాం. ముందు దాని పని జరగనీ” అన్నదట. అప్పుడు మా చెల్లెలు నాకు ఫోను చేసినది. “అన్నయ్యా, ఒక్కసారి వచ్చి చూడు. నువ్వు కాదంటే కొనేస్తాను” అన్నది.

ఆ ఆదివారమే బెజవాడనుండి రైలులో తెనాలి వెళ్ళితిని. ఎదురింటి మాస్టారు తమ అటకమీదనున్న పాత మానిటరు నొకదానిని అప్పటికే తెచ్చియిచ్చిరి. పదునేడంగుళముల తెర, వారి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగమునకు పోవుచు విడిచిపోయినది. “వెల మాట ఎత్తవద్దు, పనిచేయకపోతే నన్ను అనవద్దు” అని వారి షరతు. మా చెల్లెలు కూడ తనకు తోచిన ప్రయత్న మొకటి చేసియేయున్నది. ఒక కొస రెండుగా చీలిన కేబులు నొకదానిని కొనితెచ్చి, రెండు మానిటర్లను దానికే తగిలించినది. రెండు తెరలును వెలిగినవి. కాని రెండింటిమీదను ఒకే బొమ్మ! ఎడమతెరమీద ఏమున్నదో కుడితెరమీదను అదియే.

రేడియోగల మీకు దీని కారణము చెప్పుట సులభము. ఒక రేడియోనుండి తీగె లాగి ముందుగదిలో ఒక స్పీకరు, వంటయింటిలో ఒక స్పీకరు పెట్టినామనుకొనుడు. రెండు చోట్లను ఒకే పాట వినవచ్చును. ముందుగదిలో వార్తలు, వంటయింటిలో సంగీతము కావలెనన్నచో తీగెను చీల్చిన లాభములేదు. వేరువేరు కేంద్రములను పట్టు రెండు రేడియోలు కావలెను. కంప్యూటరు పెట్టెవెనుకనుండు ఒక్కొక్క పోర్టునుండి ఒక్కొక్క చిత్రము వెలువడును. ఒకే పోర్టునుండి వచ్చిన దానిని మామూలు చీలిక కేబులుతో రెండుగా పంచినచో రెండు నకళ్లు వచ్చునే గాని రెండు చిత్రములు రావు. కావున ప్రశ్న ఇది: పెట్టెవెనుక తెరకు తగిలించు పోర్టులు ఎన్ని యున్నవి?

మేము పెట్టెను గోడవైపునుండి త్రిప్పి, దుమ్ము తుడిచి, దీపము పెట్టి చూచితిమి. శ్రోతలును తమ యిండ్లలో ఇట్లే చూడవచ్చును గనుక ఈ పోర్టుల ఆనవాళ్లు చెప్పెదను.

మొదటిది వీజీఏ. సాధారణముగా నీలిరంగున నుండును. మూడు వరుసలలో, వరుసకు ఐదు చొప్పున పదునైదు రంధ్రములుండును. దీనిని ఐ.బి.ఎమ్. సంస్థ 1987లో ప్రవేశపెట్టినది. 2015 నాటికి దీనిని విడిచిపెట్టెదమని ఇంటెల్, ఏఎండీ సంస్థలు 2010లోనే ప్రకటించినను, పాత మానిటర్లన్నిటికిని ఇదియే ఆధారము. రెండవది డీవీఐ, 1999లో వచ్చినది. వీజీఏకంటె వెడల్పుగా, తరచు తెల్లరంగున నుండును; ఒక ప్రక్క అడ్డముగా బద్దవంటి చీలిక యుండును. మూడవది హెచ్.డి.ఎమ్.ఐ. మన టీవీలకు తగిలించు సన్నని పోర్టు ఇదియే; దీని మొదటి ప్రమాణము 2002లో వెలువడినది. నాలుగవది డిస్‌ప్లే పోర్టు, 2006లో పుట్టినది. హెచ్.డి.ఎమ్.ఐ.ని పోలియుండును గాని, దీనికి ఒక మూల మాత్రమే కోసినట్లుండును.

మా చెల్లెలి పెట్టెవెనుక వీజీఏ ఒకటి, దాని ప్రక్కనే డీవీఐ ఒకటి కనబడినవి. కొన్ననాడు పెట్టిన ప్లాస్టిక్ మూత కూడ తీయకుండ ఆ డీవీఐ ఇన్నేండ్లును నిరుపయోగముగా పడియున్నది! లోపలనున్నది ఇంటెల్ మూడవ తరపు ప్రాసెసరు. 2012లో వచ్చిన ఆ తరము మూడు తెరలవరకు నడుపగలదు. దానికిముందు 2011లో వచ్చిన రెండవ తరము సైతము రెండు తెరలను భరించును. యంత్రమునకు శక్తి లేకపోలేదు, మనము వాడుకొనలేదు.

అయితే ఒక చిక్కు వచ్చినది. మాస్టారిచ్చిన పాత మానిటరునకు వీజీఏ తప్ప వేరొక దారిలేదు. మిగిలియున్నది డీవీఐ. డీవీఐని వీజీఏగా మార్చు చిన్న బిరడా యొకటి అంగళ్లలో దొరకును గాని, అది అన్ని డీవీఐలకు పనికిరాదు. ఆ చీలికకు పైన రెండు, క్రింద రెండు సూక్ష్మరంధ్రములున్న డీవీఐ నుండి మాత్రమే వీజీఏకు తగిన సంకేతము వెలువడును. దానిని డీవీఐ–ఐ అందురు. ఆ నాలుగు రంధ్రములు లేనిచో అది డీవీఐ–డి. దానినుండి అంకెల రూపమైన సంకేతమే వచ్చును, బిరడా దానిలో దూరనే దూరదు. మాది ఈ రెండవ జాతి. ఇట్టిచోట సంకేతమునే మార్చు చిన్న యంత్రము, కన్వర్టరు, కొనవలెను. హెచ్.డి.ఎమ్.ఐ. నుండి వీజీఏకు పోవునపుడును ఇదే నియమము. ఇట్టి కన్వర్టర్లు ఒకే దిక్కునకు పనిచేయును గనుక, కొనునపుడు ఏది కంప్యూటరువైపు కొస, ఏది మానిటరువైపు కొస యని విచారించుకొనవలెను.

కాని మాకు ఆ ఖర్చును తప్పినది. మా చెల్లెలు దినమును వాడుచున్న మానిటరును త్రిప్పి చూడగా దానికి వీజీఏ, డీవీఐ రెండును ఉన్నవి. కొన్ననాడు అట్టపెట్టెలో నీలి కేబులు వచ్చెను గనుక దానినే తగిలించి యూరకుండిరి. అందుచే కొత్త తెరను డీవీఐకి మార్చి, ఖాళీయైన వీజీఏను పాత తెరకు విడిచితిమి. కొనవలసినది డీవీఐ కేబులొకటి మాత్రమే, నాలుగువందలలోపు తెమిలినది. కేబులు కొనుటకుముందు పాత మానిటరును ఒంటరిగా తగిలించి అరగంట నడిపి, అది నిలకడగా వెలుగుచున్నదని రూఢిచేసికొంటిమి. పరీక్షింపని వస్తువునకై ముందుగా ఖర్చుపెట్టుట తగదు.

తగిలించునపుడు కంప్యూటరును, మానిటర్లను ఆపి, ప్లగ్గులు ఊడదీయుట మంచిది. వీజీఏ కొసను బలవంతముగా నెట్టరాదు, పిన్నులు వంగును. ఇరుప్రక్కల మరలను చేతివ్రేళ్లతో బిగించిన చాలును. యంత్రమును మరల వెలిగించినపుడు మొదటి అక్షరములు ఒక తెరమీదనే కనబడి రెండవది చీకటిగా నుండవచ్చును. దానికి బెదరనక్కరలేదు. విండోస్ పూర్తిగా మేల్కొనిన పిదప రెండవ తెర వెలుగును.

అటుపిమ్మట చేయవలసినది తెరలకు పని పంచుట. విండోస్‌లో ఒకటికంటె ఎక్కువ తెరలను వాడు సదుపాయము 1998లో వచ్చిన విండోస్ 98 నుండియు కలదు. కీబోర్డుమీద విండోస్ గుర్తుగల మీటను అదిమిపట్టి పి అను అక్షరమును నొక్కినచో నాలుగు మార్గములు కనబడును. వానిలో డూప్లికేట్ అనగా రెండింటను ఒకే బొమ్మ. ఎక్స్‌టెండ్ అనగా రెండు తెరలును కలిసి ఒకే విశాలమైన బల్ల యగుట. మనకు కావలసినది ఎక్స్‌టెండ్.

తరువాత తెరమీద ఖాళీచోట మౌసు కుడిమీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరువవలెను. అక్కడ ఒకటి, రెండు అను అంకెలతో రెండు పలకలు కనబడును. ఐడెంటిఫై అనుదానిని నొక్కినచో ఏ తెర ఏ అంకెయో ఆయా తెరలమీదనే చూపును. మా బల్లమీద పాత తెర ఎడమవైపున నున్నది. కంప్యూటరు మాత్రము అది కుడివైపున నున్నదని భావించినది. అందుచే మౌసును ఎడమకు త్రోసిన అది అంచున ఆగిపోవును. కుడికి త్రోసిన ఎడమతెరమీద ప్రత్యక్షమగును. మా చెల్లెలు, “ఇది మన మాట వినటంలేదు అన్నయ్యా” అన్నది. బొమ్మలోని పలకను మౌసుతో పట్టి ఎడమకు జరిపి, అప్లై నొక్కగానే మాట విన్నది. ఏ తెరను ప్రధానముగా వాడుదుమో దానిని ఎన్నుకొని, మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే అనుదానికి గుర్తుపెట్టిన, ఆ తెరయే ప్రధానమగును.

పాత తెరమీద అక్షరములు మొదట మసకగా కనబడినవి. తెర పాడైనదని మాస్టారు నొచ్చుకొనిరి. దోషము తెరది కాదు, కొలతది. ప్రతి తెరకును తనకు సహజమైన చుక్కల లెక్క యొకటి యుండును. ఆ పదునేడంగుళముల తెరకు అది అడ్డముగా 1280, నిలువుగా 1024. కొత్తదానికి 1920, 1080. ఏ తెర కొలత ఆ తెరకు పెట్టవలెను. సెట్టింగులలో రికమెండెడ్ అని యుండు కొలత సాధారణముగా అదియే. అప్పటికిని వీజీఏ తెరమీద బొమ్మ ఒక ప్రక్కకు ఒరిగినచో, మానిటరు మీదనే ఆటో అను మీట యుండును. దానిని నొక్కిన సర్దుకొనును.

కొందరి యంత్రములలో వేరుగా గ్రాఫిక్సు కార్డుండును. అట్టివారు రెండు తెరలను ఆ కార్డునకే తగిలించుట మేలు. ఒకటి కార్డునకు, ఒకటి మదర్‌బోర్డునకు తగిలించినచో, కార్డున్నపుడు బోర్డుమీది పోర్టు తరచు నిద్రించియుండును గనుక రెండవ తెర వెలుగదు. బయోస్ అను మూల అమరికలో దానిని మేల్కొల్పు వీలు కొన్ని బోర్డులకు కలదు. ఇక పెట్టెకు ఒకే పోర్టున్నవారు చిన్న కార్డు నొకదానిని కొనవలెను. కొనుటకుముందు మూడు సంగతులు చూడుడు: బోర్డుమీద పొడవాటి స్లాటు ఖాళీగా నున్నదా, సన్నని పెట్టెయైనచో దానికి తగిన పొట్టి కార్డు దొరకునా, కార్డు కోరు విద్యుత్తు ఎంత? ఆ స్లాటు గరిష్ఠముగా 75 వాట్లు ఈయగలదు. వ్రాతపనికి చాలు చిన్న కార్డులు అంతకు చాల తక్కువతో తృప్తిపడును. పెట్టె తెరుచుటకు జంకువారికి యూఎస్‌బీ ద్వారా తెరను నడుపు సాధనములును కలవు. పాత యూఎస్‌బీ 2 పోర్టుమీద అవి అక్షరములకు చాలును గాని, సినిమాలకు చాలవు.

రెండవ తెర యంత్రమునకు మోయరాని భారము కాదు. అయితే తెరలు రెండైనవి గదా యని ఒకేసారి పది పనులు తెరచినచో మెమొరీ చాలక యంత్రము మందగించును. మా చెల్లెలి యంత్రమునకు 4 జీబీ మెమొరీయే యున్నది. ఆమె రెండు కాగితములకు మించి తెరువదు గనుక ఇబ్బంది లేదు. విద్యుత్తు సంగతి: ఆ పాత తెరకు వెనుకనున్న చీటీ ప్రకారము సుమారు 30 వాట్లు. దినమునకు ఆరు గంటలు వాడిన, నెలకు అయిదున్నర యూనిట్లలోపు. పాత యంత్రములవారు మరువరాని మరియొక సంగతి కలదు. విండోస్ 10కి సాధారణముగా వచ్చు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఇంతటి పాత ప్రాసెసర్లు విండోస్ 11 నియమములకు లొంగవు. ఇట్టి యంత్రముమీద బ్యాంకు వ్యవహారములు జరుపకుండుట మంచిది. రుసుము లేని లినక్సు వేసికొనిన, దానిలోను రెండు తెరల సదుపాయము కలదు.

తుదకు కన్నుల సంగతి. ఎక్కువసేపు చూచు తెర ముఖమునకు సూటిగా, చేయి చాచినంత దూరమున నుండవలెను. దాని పై అంచు కంటిమట్టమును మించరాదు. రెండవది ప్రక్కనే కొంచెము లోనికి తిరిగి, అదే ఎత్తున నుండవలెను. మేము పాత తెరక్రింద రెండు లావుపాటి నిఘంటువులు పెట్టి ఎత్తు సరిచేసితిమి. రెండింటి వెలుగు సమానముగా లేనిచో చూపు మార్చిన ప్రతిసారి కన్ను శ్రమపడును. ఎక్కువ వెలుగుదానిని తగ్గించుకొనుడు. ఇరువది నిమిషముల కొకసారి ఇరువది అడుగుల దూరమున నున్న వస్తువును ఇరువది సెకండ్లపాటు చూడుమని కంటివైద్యులు చెప్పు సలహా అందరికిని ఆచరణీయము.

ఆ సాయంకాలమే మా చెల్లెలు తిరిగివచ్చిన నలుబది పుటలను ముందువేసికొని కూర్చున్నది. ఎడమతెరమీద మూలపుట కదలకుండ నిలిచియున్నది. కుడితెరమీద ఆమె వ్రాత. పదునైదు దినములలో అవి ఆమోదము పొందినవి. అమ్మ కంటిసొమ్ము ముట్టకుండనే మిగిలినది. మరుసటి నెలలో శస్త్రచికిత్స జరిగినది.

నేను తిరిగి తెనాలి వెళ్ళునప్పటికి అమ్మ మా చెల్లెలి కుర్చీవెనుక నిలుచుండి తెరలను చూచుచున్నది. చాలసేపు మాటాడక చూచి, “ఎడమవైపు ‘వేళ’ అని ఉందే. నువ్వు ‘వేల’ కొట్టావు” అన్నది. మా చెల్లెలు చూచుకొని దిద్దుకొన్నది. అమ్మ మరియొక పంక్తికి పోయినది.

శ్రోతలారా! కొత్త యంత్రము కొనవద్దని నేను చెప్పుటలేదు. అవసరమైనవారు కొనవలసినదే. కాని సొమ్ము తీయుటకుముందు, ఉన్న పెట్టెను ఒక్కసారి గోడవైపునుండి ఇటు త్రిప్పి, దుమ్ము తుడిచి, వెనుకవైపు చూడుడు.